ఎడమ చెవి

సబ్బు సరిగ్గా పోలేదేమో, గుడ్లు కడిగినవాళ్లు తొందరపడి ఉంటారు, పెంకు మీద సబ్బు మిగిలితే అది పురుగుని పెంచడానికి గుడ్లతో చేసే మీడియాలో కలుస్తుంది, కలిస్తే ఇలాగే ఎక్కడో ఓ చుక్క లేస్తుంది, చుక్క లేచినంత మాత్రాన అది పురుగే కానక్కర్లేదు, పచ్చసొన సరిగ్గా గిలక్కొట్టకపోయినా ఇలాగే ఉంటుంది, అనుకుంటూ ఇంక్యుబేటరు ముందు నిలబడి ట్యూబును వెలుతురుకి తిప్పి తిప్పి చూస్తున్నాను, తలుపు బార్లా తెరిచే ఉంది, లోపలి వెచ్చదనమంతా బయటికి పోతోంది, ఇంకెవరైనా ఇలా నిలబడితే తలుపు వేసి ఏడవండి అని కసిరేవాణ్ణి, ఇప్పుడు నన్ను కసిరేవాళ్లు లేరు, మా ల్యాబులో ట్యూబులకి పేర్లుండవు, అంకెలే, పేరు కనబడితే చదివేవాడి కన్ను తనకు కావలసిందే చూస్తుందని ఎప్పుడో ఎవరో పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి, మంచి పద్ధతే, కాని ఈ అంకె నాకు కంఠతా వచ్చు, ఇది మా అక్క తెమడ, ఇంజెక్షన్లు మొదలయ్యాక పై అంతస్తు వార్డులోంచి మూడోసారి వచ్చింది, మొదటి రెండుసార్లూ ఏమీ మొలవలేదు, ఈసారీ మొలవకపోతే మందు గెలిచినట్టే, ఇంజెక్షను ఆపేస్తామన్నారు, ఆ ఇంజెక్షను పురుగునీ చంపుతుంది, వినికిడినీ చంపుతుంది, కుడి చెవి ఇప్పటికే పోయింది, ఈ ట్యూబు ఖాళీగా ఉంటే ఎడమ చెవి మిగులుతుంది, నిన్న సాయంత్రం ఖాళీగానే ఉంది, నా కళ్లతో నేనే చూశాను, ఇవాళ పొద్దున పచ్చటి మీడియా మీద, పైన కాదు కింద కాదు సరిగ్గా మధ్యలో, గసగసంత పసుపు చుక్క ఉంది.

సబ్బే అయి ఉంటుంది.

మా పని బయటివాళ్లకి చెప్పడం కష్టం, ల్యాబు అంటే రక్తం తీసుకుని సాయంత్రానికి కాగితం చేతిలో పెట్టేదనుకుంటారు, మేం చేసేది పెంపకం, రోగి ఖళ్లున దగ్గి డబ్బాలో వేసిన తెమడలోంచి పురుగుని వేరుచేసి, కోడిగుడ్లు పగలగొట్టి గిలక్కొట్టి పచ్చరంగు కలిపి, ట్యూబుల్లో పోసి ఏటవాలుగా పడుకోబెట్టి, వేడి మీద గట్టిపరిచిన ఆ మీడియా మీద దాన్ని ఉంచి, ఒంటి వేడంత వేడిలో పెట్టి వారాల తరబడి ఎదురుచూడడం, మామూలు సూక్ష్మజీవులు తెల్లారేసరికి మొలుచుకొస్తాయి, ఈ జాతికి ఏ తొందరా లేదు, టీబీది అంతే, టీబీకి చుట్టాలైన వాటిలోనూ చాలావాటిది అంతే, ఇది టీబీ, ఇది టీబీ కాదు దాని చుట్టం, దీనికి ఈ మందు పనిచేస్తుంది దానికి పనిచెయ్యదు అని తేల్చడానికే ఈ ఆస్పత్రి ఉంది, ఎక్కడెక్కడో టీబీ మందులే మింగి మింగి సగమైపోయినవాళ్లు చివరికి ఇక్కడికి వస్తారు, అక్కా అలాగే వచ్చింది, నేను ఇక్కడే పనిచేస్తూ కూడా అక్క దగ్గు కొట్టులో కుట్టుమిషన్ల నూనె వాసనకి వచ్చే దగ్గేనని ఆవిడ చెబితే నమ్మినవాణ్ణి, సరే, టీబీ కాదని తేలిన రోజు నేను మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కి, టీబీ కాదే అక్కా, టీబీకి చుట్టం, నీళ్లలో ఉంటుంది, మట్టిలో ఉంటుంది, నీ నుంచి ఇంకొకరికి అంటదు అన్నాను, అక్క కాసేపు ఆలోచించి, అందరి నీళ్లలో ఉన్నది నా ఒక్కదాని దగ్గరికే ఎందుకొచ్చిందిరా అంది, చిన్నప్పుడు నిమోనియా వచ్చి నీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి కదా, అలాంటి చోటే చూసుకుని చేరుతుంది అన్నాను, ఓహో, ఇల్లు ఖాళీగా ఉందని అద్దెకి దిగిందన్నమాట, ఈ చుట్టం ఇప్పట్లో కదిలేలా లేదు అని తనే నవ్వింది, నవ్వు దగ్గులోకి తిరిగి చాలాసేపు మంచం పట్టె పట్టుకుని వంగిపోయింది, గుడ్ల మీద పెంచుతామని చెబితే మరీ నవ్వింది, నీకు రోజుకో గుడ్డు పెట్టి పెంచడానికి నా తలప్రాణం తోకకొచ్చేది, నువ్వేమో పెద్దవాడివై నన్ను తినేదాన్ని గుడ్లు పెట్టి పెంచుతున్నావు, బాగుందిరా నీ ఉద్యోగం, అంది, పక్క మంచాలవాళ్లు కూడా నవ్వారు, అప్పటినుంచి వార్డంతా నన్ను కిందింటి తమ్ముడు అనడం మొదలుపెట్టారు, పై అంతస్తు వాళ్లది కదా, మా ల్యాబు కింద, కిందింటి తమ్ముడూ, మాది ఏమైనా మొలిచిందా అని అడుగుతారు, మా దగ్గర పెరిగింది అంటే పండగ, ఎంతకీ లొంగని తెమడలోంచి ఏదైనా పెరిగితే ఒకరినొకరం కేకేసి పిలుచుకుని చూపించుకుంటాం, అదే మాట మెట్లెక్కి పైకి వెళ్తే అక్కడ ఎవరో ఒకరి మొహం వాడిపోతుంది.

ముందు స్లైడు చెయ్యాలి, చుక్క చూసి బెంబేలెత్తేవాడు ఈ పనికి పనికిరాడని కొత్తగా చేరినవాళ్లకి క్లాసు పీకేది నేనే, లోపలి గాలి బయటికి రానివ్వని గాజు హుడ్ ముందు కూర్చున్నాను, చేతులకి గ్లవ్స్ తొడుక్కున్నాను, తీగతో చుక్కని గీరి గాజు మీద నీటిబొట్టులో కలిపి, ఆరబెట్టి, ఎర్రరంగు పోసి కింద నుంచి మంట చూపించి ఆవిరి లేచేదాకా ఆగాను, తర్వాత యాసిడ్‌తో కడగాలి, ఆ తర్వాత నీలం, మామూలు సూక్ష్మజీవి అయితే యాసిడ్ తగలగానే ఎర్రరంగు వదిలేస్తుంది, నీలమైపోతుంది, ఈ జాతి మాత్రం వదలదు, ఒకసారి పట్టిన రంగు పట్టిందే, కాబట్టి నాకు కావలసింది నీలం, నీలం చొక్కా ఒకటి ఉండేది నాకు, అక్క కుట్టింది, కొట్టులో మిషను బాగుచేశాక కుట్టు సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి వాడే గుడ్డముక్కలన్నీ జతచేసి కుట్టింది, దాని నిండా అడ్డదిడ్డంగా కుట్లే, బళ్లో పిల్లలు పకపకా నవ్వారు, ఇంటికొచ్చి ఏడిస్తే అక్క, ఒరేయ్, వాళ్ల చొక్కాలకి ఒక్క మిషను కుట్టే ఉంటుంది, నీ చొక్కా మీద వీధిలో ఉన్న మిషన్లన్నీ కుట్టాయి, ఎవడు గొప్పవాడు, అంది, ఏడుపు ఆగిపోయింది, అలా ఎలా ఆపేసేదో ఏడుపుని, స్లైడు మీద నూనెచుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను, దేవుడా నీలం కనబడనీ, ఎన్నడూ నిన్ను ఏమీ అడగలేదు, ఒక్క నీలం, ఫోకస్ తిప్పుతున్నాను, మసక, మసక, ఇంకొంచెం, అంతా నీలం, ఆ నీలం మధ్యలో ఎర్రగా, సన్నగా, పొట్టిగా, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి, పడుకున్న పిల్లల్లా ఉన్నాయి.

కళ్లు తీసి మళ్లీ పెట్టాను, ఉన్నాయి, స్లైడు జరిపాను, అక్కడా ఉన్నాయి, సబ్బు కాదు, పచ్చసొన కాదు, గుడ్లు కడిగినవాళ్లని అనవసరంగా ఆడిపోసుకున్నాను.

అక్కని వీధిలో మిషనక్క అంటారు, నాన్న పోయాక కుట్టుమిషన్ల రిపేరు కొట్టు అక్క చేతికొచ్చింది, ఆడపిల్లకి ఈ పనేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లే తర్వాత మిషను నెత్తిన పెట్టుకుని తెచ్చేవాళ్లు, అక్క ముందు మిషను విప్పేది కాదు, తొక్కమనేది, మీరు తొక్కండి నేను వింటాను, అనేది, కళ్లు మూసుకుని తల కొంచెం పక్కకి వంచి వినేది, టకటకటక మధ్యలో ఎక్కడో ఒక చిన్న టిక్కు, మాకెవరికీ వినబడేది కాదు, అక్క కళ్లు తెరిచి, షటిల్ దగ్గర అరిగింది, లేకపోతే, దీనికేం జబ్బు లేదు, దారం నాసిది, అనేది, అంతే, స్క్రూ ఒక్కటి కూడా విప్పకుండా, మిషన్లకి కూడా గొంతు బొంగురుపోతుందిరా, చలికాలం నూనె గడ్డకట్టి, అనేది, రాత్రిపూట రేడియోలో నాటకాలంటే చెవి కోసుకునేది, ఎవరి పాత్ర ఎవరు వేశారో దగ్గిన దగ్గుని బట్టి చెప్పేసేది, నేను పరీక్షలకి చదువుతూ పేజీ తిప్పకుండా కూర్చుంటే వెనక్కి తిరిగి చూడకుండానే, నిద్రపోతున్నావా గుడ్లప్పగించి చూస్తున్నావా అని అరిచేది, పేజీ చప్పుడు కూడా లెక్కే ఆవిడకి, అలాంటి చెవులు, ఇంజెక్షన్లు మొదలైన కొన్నాళ్లకి, ఒరేయ్, చెవుల్లో ఎవరో ఆపకుండా మిషను తొక్కుతున్నార్రా, నూనె పెట్టండ్రా బాబూ అంటే వినిపించుకోరు, అంది, నేను నవ్వాను, ఆ మాటకి నవ్వొచ్చింది మరి, తర్వాత ఒకరోజు గాజుగదిలో కూర్చోబెట్టి చెవులకి పెద్ద పెద్ద డిప్పలు తగిలించి పరీక్ష చేశారు, శబ్దం వినబడితే మీట నొక్కమన్నారు, నేను అద్దం బయట పరీక్ష చేసే ఆయన పక్కన నిలబడి చూస్తున్నాను, ఎడమ చెవికి శబ్దం పంపినప్పుడల్లా అక్క బొటనవేలు నొక్కింది, తర్వాత కుడి చెవి, ఆయన శబ్దం పంపితే ఇవతల చిన్న లైటు వెలుగుతుంది, వెలిగింది, అక్క వేలు కదల్లేదు, ఇంకొంచెం పెంచారు, లైటు వెలిగింది, వేలు కదల్లేదు, ఇంకా పెంచారు, లైటు వెలుగుతూనే ఉంది, అక్క మీట మీద వేలు సిద్ధంగా పెట్టుకుని, అద్దంలోంచి నావైపు చూసి కనుబొమ్మలెగరేసింది, ఏమిట్రా, ఇంకా మొదలుపెట్టరా, అని.

డాక్టరమ్మ గది తలుపు తట్టానో లేదో గుర్తులేదు, ట్యూబూ స్లైడూ మా ల్యాబు మేడమ్ కూడా చూసి ఖాయం చేశాకే వెళ్లాను, పద్ధతి పద్ధతే కదా, మేడమ్ మైక్రోస్కోపులోంచి తలెత్తి నా భుజం మీద చెయ్యివేసి తీసేసింది, డాక్టరమ్మ ఛాతీ స్కానులు తెర మీద పెట్టుకుని కూర్చుని ఉంది, నన్ను చూడగానే కుర్చీ చూపించింది, అక్క ఊపిరితిత్తులు తెర మీద నల్లగా బూడిదరంగుగా ఉన్నాయి, గుంటలు రెండువైపులా ఉన్నాయి, అంటే కోసి తీసెయ్యడానికి లేదు, ఇంజెక్షను ఆపితే మాత్రలొక్కటే దాన్ని ఆపలేవు, ఆపకపోతే ఆ ఎడమ చెవి కూడా పోతుంది, చెవి పోగొట్టుకుని అయినా తగ్గుతుందా అంటే నేను మాట ఇవ్వలేను, కాని కొంతకాలం వస్తుంది, అంది ఆవిడ, ఆవిడ ఏదీ దాచదు, అందుకే ఆవిడంటే అందరికీ గౌరవం, అందుకే ఆ క్షణంలో ఆవిడ గొంతు పట్టుకోవాలనిపించింది, మరి ఆ కొత్త మందండీ, అన్నాను, పరిశోధన విభాగం వాళ్లు అక్క పురుగుని తీసుకెళ్లి గడ్డకట్టించే ఫ్రీజరులో దాచుకున్నారు, కొత్త మందులు వచ్చినప్పుడల్లా దాని మీద వేసి చూడడానికి, అక్కని అడిగితే, తీసుకోండి, నాకు జీవితంలో దొరకని పర్మినెంటు ఉద్యోగం దానికైనా దొరుకుతోంది, అని ఒప్పుకుంది, ఆ మందు పనిచేస్తోంది, అంది డాక్టరమ్మ, మీ అక్కగారి పురుగు మీదే బాగా పనిచేస్తోంది, కాని ట్యూబులో, మనుషులకి ఇవ్వడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది, అంది, అంటే కింద ట్యూబులో అది చచ్చిపోతోంది, పైన మా అక్కలో బతికిపోతోంది, రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క మెట్లవరస, రేపు ఎవరో ఒకరి అక్క దాంతో బాగుపడుతుంది, పడాలి, అందుకే కదా నేను ఈ పని చేస్తున్నది, కాని రేపటి అక్క మీద నాకు ఈర్ష్య కలిగింది, మొహం కూడా తెలియని మనిషి మీద, లేచాను, మీ అక్కగారికి మీరే చెప్పండి, అంది డాక్టరమ్మ, నేను చెబితే సగం వినబడదు, రాసి ఇస్తే చదివి నవ్వి ఊరుకుంటారు, ఇంకో సంగతి, ఆవిడ ఇదివరకే నాతో ఒక మాట అన్నారు, అది ఆవిడ నోటితోనే వినండి, అంది.

ఏ మాట, నాకు చెప్పని మాట డాక్టరుకి ఏం చెప్పి ఉంటుంది, ఇంటికి పోతానని ఉంటుంది, లేదా చెవి పోయినా ఫరవాలేదు కానివ్వండి అని ఉంటుంది, అదే అయి ఉంటుంది, అక్క వెనకడుగు వేసే మనిషి కాదు, కానివ్వండి అనే ఉంటుంది, చెవి పోతే పోనీ, సైగలు నేర్చుకుంటాం, పలక మీద రాసుకుంటాం, ప్రపంచంలో ఎంతమంది లేరు, చెవిటివాళ్లు బతకడం లేదా, కొట్టు అమ్మేసి ఇంట్లో కూర్చుంటుంది, నేను చూసుకుంటాను, మనిషి ఉంటే చాలు, మనిషి ఉండాలి, అని మెట్లు ఎక్కుతున్నాను, వార్డు తలుపు దగ్గర మాస్కు బిగించుకున్నాను, ఇక్కడ అందరం ముక్కు నుంచి గడ్డం దాకా తెల్లటి డిప్పల్లోనే ఉంటాం, అక్కది అంటుకునేది కాకపోయినా వరండా అవతల గదుల్లో టీబీవాళ్లున్నారు, నియమం అందరికీ ఒకటే, కుడి చెవి పోయిన కొత్తలో అక్క పెదాల కదలిక చూసి మాట పట్టుకోవడం నేర్చుకుందామనుకుంది, చూద్దామంటే చుట్టూ పెదాలేవీ, ఈ ఆస్పత్రిలో ఎవరికీ నోళ్లు లేవురా, అందరూ కళ్లతోనే గొణుగుతారు, అంది, నర్సు మాస్కులోంచి అరిచి అరిచి చెబితే అక్క తల ఊపుతుంది, వినబడి ఊపుతుందో ఎదుటివాళ్ల మనసు కష్టపెట్టడం ఎందుకని ఊపుతుందో తెలియదు, ఇప్పుడూ నర్సుకి తల ఊపుతోంది, కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉంది, ఎంత చిన్నదైపోయింది, పక్క మంచం ఆవిడ నన్ను చూసి, కిందింటి తమ్ముడొచ్చాడు, అని మొదలుపెట్టి, నా కళ్లు చూసి ఆగిపోయింది, అక్క చెప్పులు వెతుక్కుని, బయటికి పోదాం పదరా, ఇక్కడ గాలి లేదు, అంది.

వార్డు వెనక ఖాళీ జాగాలో సిమెంటు బెంచీ ఉంది, అక్కడ గాలి ధారాళంగా ఆడుతుంది, మాస్కు తీసెయ్యొచ్చు, తీశాను, మొహం మీద గీతలు పడి ఉంటాయి, అక్క వాటిని వేలితో రుద్దింది, చిన్నప్పుడు దిండు గుర్తులు రుద్దినట్టు, నేను చెప్పాల్సింది ఎలా మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాను, మొలిచిందా, అంది అక్క, మొలవకపోతే నువ్వు మెట్ల మీదనుంచే అరుచుకుంటూ వచ్చేవాడివి, నాకు వినబడదన్న సంగతి కూడా మరిచిపోయి, అంది, మొలిచిందక్కా, అన్నాను, ఎడమ చెవి దగ్గరికి వంగి గట్టిగా, సరేలే, దాని ఓపికకి దండం పెట్టాలి, అంది, అని దగ్గింది, దగ్గు ఆగేదాకా వీపు నిమిరాను, వెన్నుపూసలు చేతికి ఒక్కొక్కటే తగిలాయి, తర్వాత గబగబా అంతా చెప్పేశాను, చెవి పోతుంది, పోనీ అక్కా, పలక మీద రాసుకుందాం, నేను రోజూ పక్కనే ఉంటాను, నీకేం లోటు రానివ్వను, ఇంజెక్షను మాత్రం ఆపొద్దు, ఇంకొన్నాళ్లు, ఈలోగా కొత్త మందు వస్తుందేమో, అని అబద్ధం కూడా చెప్పాను, అక్క అంతా విని, ఆపెయ్యమని చెప్పేశానురా, అంది, ఎప్పుడు, అన్నాను, ఇది మొలిచినా మొలవకపోయినా ఆపెయ్యమని, పోయిన నెలే డాక్టరమ్మకి చెప్పేశాను, అంది.

ఆపితే ఏమవుతుందో తెలుసా నీకు, అని అరిచాను, ఆవిడకి వినబడాలని అరవలేదు, కోపంతో అరిచాను, తెలుసు, అంది, తెలిసే అంటున్నావా, ఊపిరి కన్నా చెవి ఎక్కువైందా నీకు, అన్నాను, అక్క కాసేపు రోడ్డువైపు చూసింది, గోడ అవతల ఏదో బండి సైలెన్సరు ఊడిపోయి దడదడలాడుతూ పోతోంది, అక్క తల కొంచెం పక్కకి వంచింది, పోయేదాకా విన్నది, బోల్టు ఒక్కటి బిగిస్తే సరిపోతుంది, ఎంత అన్యాయంగా నడుపుతున్నాడో చూడు, అంది, తర్వాత, కొట్టులో మిషన్లు అలాగే ఉన్నాయిరా, ఒక చెవి చాలు వాటికి, ఉన్నన్నాళ్లు వింటూ పోతాను, ఏమీ వినబడకుండా ఆ మంచం మీద పడుకుని ఊపిరి మాత్రం పీల్చుకుంటూ ఉంటే అది నేనెలా అవుతాను, అంది, మరి నేనో, నా సంగతేమిటి అని అడగాలనిపించింది, అడగలేదు, అలాంటప్పుడు మొదట్లోనే ఆపెయ్యాల్సింది కదా, చెవుల్లో మోత మొదలైనప్పుడే ఆపేస్తే కుడిది కూడా మిగిలేది కదా, ఈ మాట అప్పుడు ఎందుకు అనలేదు, అన్నాను, అప్పుడే అందామనుకున్నాను, డాక్టరమ్మ అప్పుడే కాగితం మీద రాసి చూపించింది, ఆపమంటే ఆపేస్తాను, ఆలోచించుకోండి అని, అంది, మరి, అన్నాను, అక్క నావైపు చూడకుండా చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, నువ్వు పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి ఆ గొట్టాల దగ్గర కూర్చుంటున్నావని నర్సు చెప్పిందిరా, సెలవురోజు కూడా వస్తున్నావట, అన్నం కూడా అక్కడే తింటున్నావట, నీ ఆశ మీద నీళ్లు ఎలా పొయ్యను, ఇంకొన్నాళ్లు పొడిపించుకుందాంలే, వాడికి తృప్తిగా ఉంటుంది, అనుకున్నాను, అంది, ఆ తర్వాత మొదటి గొట్టంలో ఏమీ మొలవలేదని చెప్పడానికొచ్చావు చూడు, అప్పుడు నీ మొహం చూశాను, పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత వెలగలేదు, బాగా అనిపించిందిరా, అంది.

మామూలుగానే చెప్పింది, మిషను జబ్బు చెప్పినట్టు, నాకు ఏడుపొచ్చింది, పట్టపగలు ఆస్పత్రి వెనక బెంచీ మీద, తెల్లకోటు వేసుకుని, వెక్కి వెక్కి ఏడ్చాను, కిటికీలోంచి ఎవరైనా చూస్తారేమోనన్న ధ్యాస కూడా లేదు, అక్క ఆపమనలేదు, ఈసారి ఏ మాట చెప్పీ ఆపలేదు, తల కొంచెం పక్కకి వంచి కూర్చుంది, నా ఏడుపు వింటోందని చాలాసేపటికి తెలిసింది, విని, ముక్కు చీదుకో, అంది, నేను ఇన్నాళ్లూ ఏమనుకున్నాను, అక్కా నేనూ ఒకవైపు, ఆ పురుగు ఒకవైపు అనుకున్నాను, ఆ ట్యూబు ఖాళీగా ఉండాలని ఇద్దరం కలిసి ఎదురుచూస్తున్నామనుకున్నాను, అక్క ఎదురుచూడలేదు, అక్కకి ఆ ట్యూబుతో పనే లేదు, ఇంజెక్షను వేయించుకున్న ప్రతిసారీ చెవిలో ఒక చప్పుడు చచ్చిపోతోందని అందరికన్నా బాగా తెలిసినది తనకే, మొదట ఏది పోయిందో, గడియారం పోయిందో, దారం తెగిన చప్పుడు పోయిందో, నేను పేజీ తిప్పే చప్పుడు పోయిందో, ఒక్కొక్కటీ పోతుంటే కూర్చుని విన్నది, విని కూడా మళ్లీ చెయ్యి చాపింది, కింద నేను సంతోషంగా ఉండాలని, తను బతకాలని కాదు, నేను ఇప్పుడు చెయ్యి పట్టుకుని ఇంకొన్నాళ్లు అక్కా అంటే మళ్లీ చాపుతుంది, సరేలేరా అంటుంది, అది నాకు తెలుసు, ఇంకొక్కసారి అడిగితే చాలు, ఇచ్చేస్తుంది, అమ్మలా నన్ను పెంచిన మనిషి పోబోతోంది, ఈ ఏడాదో వచ్చే ఏడాదో, నేను అడిగితే కొంచెం ఆలస్యంగా, అడక్కపోతే కొంచెం ముందుగా, అడగడానికి నోరు తెరిచాను, అక్క నా మాట కోసం తల ఇటు వంచింది, మూసుకున్నాను, కుడి చెవి నాకోసం ఇచ్చేసింది, ఎడమ చెవి అక్కది.